వంకర ఏడు

రాత్రి పన్నెండున్నర. బయట సన్నగా తుంపర. కొండాపూర్‌లో మా ఫ్లాట్ బాల్కనీలో ఒక చేత్తో స్ప్రే డబ్బా, ఇంకో చేత్తో పుల్లకి గుచ్చిన జానెడు విమానం పట్టుకుని నిలబడ్డా. నెలన్నర పని అది. మిగిలింది చివరి కోటు వార్నిష్ ఒక్కటే. అటొకసారి, ఇటొకసారి కొట్టేసి, లోపలికి తెచ్చి టేబుల్ లైటు కింద పెట్టా.

రెండు నిమిషాల్లో ముదురు ఆకుపచ్చ విమానం తెల్లబడిపోయింది. విభూతి పూసినట్టు. రెక్కల మీద చక్రాలు మసకబారాయి. ముక్కు దగ్గర నంబరైతే కనపడనే లేదు.

ఆఫీసులో ఇలాంటిదేదైనా జరిగితే గబగబా పాత వెర్షన్‌కి వెళ్లిపోతాం. తిట్లు పడతాయి, కానీ సిస్టమ్ మళ్లీ నడుస్తుంది. ఇక్కడ పాత వెర్షన్ అంటూ ఏదీ లేదు. పైగా ఎనిమిది రోజుల్లో దాన్ని నరసాపురం తీసుకెళ్లాలి.

పోయిన వారం మెకానికల్ కీబోర్డుల గురించి రాస్తే, "నీకు డబ్బులెక్కువయ్యాయా బాస్" అని మెయిల్స్ పెట్టారు. ఈ వారం అంతకన్నా పనికిరాని విషయం. నీళ్లలో నానబెట్టి అంటించే బుల్లి స్టికర్లు, వాటి మీద వేసే వార్నిష్. కానీ ఇందులో మా తాతయ్య ఉన్నారు కాబట్టి కొంచెం ఓపిక పట్టండి.

తాతయ్యంటే అమ్మ వాళ్ల నాన్న. పద్దెనిమిదో ఏట, 1966లో ఎయిర్‌ఫోర్స్‌లో చేరారు. పైలట్ కాదు. మా బంధువుల్లో సగం మంది ఇప్పటికీ ఆయన విమానం నడిపారనుకుంటారు, ఆయన కూడా ప్రతిసారీ సరిదిద్దరు. ఎయిర్‌ఫ్రేమ్ ఫిట్టర్. రేకులు, రివెట్లు, చక్రాలు, లీకులు ఆయన పని. ఎక్కువ కాలం మిగ్-21ల మీద చేశారు. ఇరవై ఏళ్ల సర్వీసు అయ్యాక ఊరొచ్చి బ్యాంకులో చేరి, అక్కడా రిటైరయ్యారు.

2025 జులైలో వార్త వచ్చింది చూడండి, సెప్టెంబర్ 26న చండీగఢ్‌లో మిగ్-21లని పూర్తిగా పక్కన పెట్టేస్తారని. 1963లో అదే చండీగఢ్‌లో మొదటి స్క్వాడ్రన్ మొదలైంది. మన దేశపు మొదటి సూపర్‌సానిక్ ఫైటర్. 870కి పైగా విమానాలు, 62 ఏళ్లు. చివరి ఏళ్లలో ఎగిరే శవపేటిక అనే పేరు కూడా వచ్చింది. ఆ ప్రమాదాలు అబద్ధం కాదు, పోయిన పైలట్లూ అబద్ధం కాదు. అయితే ఆ మాట తాతయ్య ముందు ఎవరూ అనరు. ఒకసారి మా బాబాయి అన్నాడు. ఆయన కంచం ముందు నుంచి లేచి వెళ్లిపోయారు.

ఆ వార్త చూసి ఫోన్ చేశా. "తాతయ్యా, నా దగ్గర మిగ్ కిట్టు ఒకటి ఉంది. చేసి తెస్తాను, 26న కలిసి టీవీ చూద్దాం" అన్నా.

"ఏ మోడల్‌రా?"

"ఎఫ్‌ఎల్."

అటువైపు కాసేపు మాటల్లేవు. ఆయన పనిచేసింది ఆ రకం మీదే. అవి 2013 డిసెంబర్‌లోనే సెలవు తీసుకున్నాయి, 2025లో వెళ్లినవి వాటి తర్వాతి తరం.

"నంబరు ఏం వేస్తావు?"

"డబ్బాలో ఏముంటే అది."

"అది మాది కాదు కదరా" అన్నారు.

ఆ ఒక్క మాటతో నా వీకెండ్లు ఎగిరిపోయాయి.

తెలియని వాళ్లకోసం చెప్తా. లాక్‌డౌన్‌లో అందరూ డల్గోనా కాఫీ చేస్తుంటే నేను ప్లాస్టిక్ మోడల్స్‌లో పడ్డా. డబ్బాలో ఫ్రేములకి అతుక్కుని చిన్న చిన్న ముక్కలు వస్తాయి. కత్తిరించి, జిగురు పెట్టి, సందులు పూడ్చి, రంగు వేయాలి. నాది 1/72 స్కేలు. అంటే ఆరడుగుల మనిషి సరిగ్గా అంగుళం అవుతాడు. రెక్క కొస నుంచి కొసకి ఏడు మీటర్ల చిల్లర ఉండే మిగ్ పది సెంటీమీటర్లకి దిగుతుంది. మా తాతయ్య అంగుళం కూడా ఉండరు.

రంగు వేయడం దాకా ఎవరైనా చేస్తారు. విమానాన్ని బొమ్మలా కాకుండా విమానంలా కనపడేలా చేసేది ఆ తర్వాత పని. గుర్తులు, నంబర్లు, ఆ పైన వార్నిష్. నా షెల్ఫులో ఇప్పటికీ రంగు వేసి గుర్తులు వేయని విమానాలు నాలుగున్నాయి. భయం వేసి వదిలేసినవి.

ఈ గుర్తుల్ని డెకాల్స్ అంటారు. చిన్నప్పుడు బబుల్‌గమ్‌తో టాటూ వచ్చేది, చేతి మీద పెట్టి తడిపితే సింహమో, మోటార్ సైకిలో దిగేది గుర్తుందా? దానికి కొంచెం దూరపు చుట్టం. ఒక కాగితం, దాని మీద నీటికి కరిగే బంక, ఆ పైన కంటికి సరిగా కనపడనంత పల్చటి పారదర్శకమైన పొర, ఆ పొర మీద బొమ్మ. గోరువెచ్చటి నీళ్లలో పది పదిహేను సెకన్లు ముంచి, బయటికి తీసి ఒక నిమిషం వదిలేయాలి. ఈలోగా బంక కరుగుతుంది. అప్పుడు కాగితాన్ని విమానం పక్కనే ఆనించి, తడి బ్రష్‌తో బొమ్మని పక్కకి జరిపితే కాగితం మీద నుంచి విమానం మీదకి జారుతుంది. ఎత్తి పెట్టకూడదు, జార్చాలి. ఎత్తారో, మడతపడి దాని ఒంటికి అదే అతుక్కుంటుంది.

ఆ పారదర్శకమైన పొర ఉంది చూడండి, అసలు శత్రువు అదే. అంకె చుట్టూ అర మిల్లీమీటరు అంచు మిగులుతుంది. అది కనపడిందా, అయిపోయింది. నంబరు కనపడాలి, స్టికర్ కనపడకూడదు. ఈ మొత్తం తతంగం ఆ ఒక్క మోసం కోసమే.

మీ ఫోన్‌కి స్క్రీన్ గార్డు వేసేటప్పుడు లోపల గాలి చిక్కుకుని బుడగలొస్తాయి కదా. ఇక్కడా అంతే. మ్యాట్ రంగు చూడ్డానికి నున్నగానే ఉంటుంది కానీ దగ్గరగా చూస్తే గరుకు కాగితం. దాని మీద డెకాల్ వేస్తే గుంటల్లో గాలి మిగిలిపోతుంది. లైటు పడగానే ఆ గాలంతా వెండి పొడి జల్లినట్టు మెరుస్తుంది. దీన్ని సిల్వరింగ్ అంటారు. అందుకే ముందు గ్లాస్ వార్నిష్ వేసి ఉపరితలాన్ని అద్దంలా చేయాలి. చివరికి మ్యాట్‌గా ఉండాల్సిన విమానాన్ని మధ్యలో పెళ్లికొడుకు బూట్లలా మెరిపించాలి. నా మొదటి విమానానికి ఈ ముక్క తెలియక నేరుగా మ్యాట్ మీద అంటించేశా. అది ఇంకా షెల్ఫు వెనక వరసలో ఉంది, చక్రాల చుట్టూ చేప పొలుసులతో.

సరే, తాతయ్య నంబరు దగ్గరికి వద్దాం.

ఆయన ఫోన్లో చెప్పింది సి అక్షరం, తర్వాత మూడు అంకెలు. చివరిది ఏడు. మొత్తం నంబరు ఇక్కడ రాయను, అది ఆయనది. అమ్మమ్మ ట్రంకు పెట్టెలో ఒక నలుపు తెలుపు ఫొటో ఉంటే మావయ్య వాట్సాప్‌లో పంపాడు. ఆరుగురు కుర్రాళ్లు, నిక్కర్లు, వెనక విమానం ముక్కు. నంబరులో మొదటి రెండు అంకెలు కనిపిస్తున్నాయి, ఆయన చెప్పినవే. మూడోదాని ముందు ఎవరిదో భుజం.

"ఆ ఏడు నేను రాసిందేరా" అన్నారు తాతయ్య.

అప్పటిదాకా ఇంట్లో ఎవరికీ తెలియని కథ. 1971 యుద్ధానికి ముందు ఆ విమానాలు వెండి రంగులో తళతళలాడుతుండేవి. యుద్ధం వచ్చేసరికి పై నుంచి శత్రువు కంట పడకుండా స్క్వాడ్రన్లలోనే వాటికి ఆకుపచ్చ రంగు పూసేశారు. తాతయ్యకి అప్పుడు ఇరవై మూడేళ్లు. బ్రష్షులు చేతికిచ్చి పూయమన్నారట. తొందరలో ఎవరో నంబరు మీద కూడా పూసేశారు. మళ్లీ రాయాలి. స్టెన్సిల్ ఎక్కడుందో దొరకలేదు. చేత్తో రాశారు. చీకట్లో, నిచ్చెన మీద నిలబడి. పొద్దున చూస్తే ఏడు కొంచెం వెనక్కి వాలి ఉంది.

"సార్జంట్ చూసి, దీనికి తుపాకి పేలినంత భయమేసిందేంట్రా, వెనక్కి పడిపోతోంది అన్నాడు. దిద్దుదామంటే టైమేదీ? అలాగే ఎగిరింది."

"మరి నేను?"

"నువ్వూ వాల్చు."

ఇంజినీరింగ్ చదివినవాణ్ని, వెంటనే అడిగా, "ఎన్ని డిగ్రీలు తాతయ్యా?" అని. "డిగ్రీలేంట్రా, మనిషి ఊపిరి పీల్చినప్పుడు వెనక్కి వాలతాడు చూడు, అంత" అన్నారు. దీన్ని మించిన స్పెసిఫికేషన్ నా కెరీర్‌లో ఏ క్లయింటూ ఇవ్వలేదు.

ఇక నా డెకాల్ షీటు సంగతి. కిట్టు పాత స్టాకు, తక్కువకి వచ్చిందని రెండేళ్ల కిందట కొని అటక మీద పడేశా. తీసి చూస్తే పారదర్శకంగా ఉండాల్సిన పొర పసుపు పచ్చగా మారిపోయింది, పాత సెలోటేపులా. దీనికో చిట్కా ఉంది. షీటుని పలచటి కవర్లో పెట్టి, ఎండ పడే కిటికీ అద్దానికి బొమ్మ బయటికి చూసేలా టేపుతో అంటిస్తే, కొన్నాళ్లకి ఎండకి పసుపు విరుగుతుంది. మామిడి ముక్కలు ఎండబెట్టినంత సులువు. కాకపోతే అది ఆగస్టు. హైదరాబాద్‌లో ఆగస్టులో ఎండ కోసం ఎదురుచూసినవాడిని నేనొక్కడినే అయ్యుంటా. స్టాండప్ మీటింగ్ మధ్యలో ఎండ వస్తే లేచి వెళ్లి షీటుని పక్క గది కిటికీకి మార్చేవాణ్ని. పన్నెండు రోజులకి లేత నిమ్మ రంగుకి దిగింది. చాల్లే అనుకున్నా.

తర్వాత, వాడని ఒక గుర్తుని పరీక్షకి నీళ్లలో వేశా. అలా వేశానో లేదో, ముక్కలు ముక్కలై విడిపోయింది. ఉల్లిపొర నలిపినట్టు. వయసైపోయిన డెకాల్ పొర పెళుసు బారుతుంది. ముందే చూసుకోవడం మంచిదైంది. ఇలాంటి షీట్ల కోసం మైక్రోస్కేల్ వాళ్లది లిక్విడ్ డెకాల్ ఫిల్మ్ అని ఒక సీసా ఉంటుంది. షీటంతా దాన్ని బ్రష్‌తో పల్చగా పూసి ఆరబెడితే పాత పొర మీద కొత్త పొర వస్తుంది. అయితే అప్పుడు షీటంతా ఒకే ముక్క అయిపోతుంది కాబట్టి ప్రతి గుర్తునీ విడిగా, అంచుకి వీలైనంత దగ్గరగా కత్తిరించుకోవాలి.

షీటు మీద రెండు విమానాల నంబర్లున్నాయి. మనకి కావలసిన నంబరు రెండిట్లోనూ లేదు. అందులో ఒకటి, ఇందులో రెండు ఏరి పేర్చాలి. షీటు మొత్తం మీద ఏడులు రెండే. ఎడమ పక్కకి ఒకటి, కుడి పక్కకి ఒకటి. పోతే పోయినట్టే.

ఒక్కో అంకె ఎత్తు నాలుగు మిల్లీమీటర్లు. బియ్యపు గింజ కంటే తక్కువ. కొత్త బ్లేడు, తలకి పెట్టుకునే భూతద్దం. ఫ్యాన్ ఆపేయాలి, ఇది ముఖ్యం. ఒకసారి ఫ్యాన్ గాలికి ఎగిరిపోయిన ఇంజిన్ హెచ్చరిక గుర్తుని మర్నాడు నా చెవి వెనక మా రూమ్మేట్ కనిపెట్టాడు.

ముందు పెద్దవి అంటించా. రెక్కల మీద చక్రాలు, బయట కేసరి, మధ్యలో తెలుపు, లోపల ఆకుపచ్చ. ఇక్కడ రెండు సీసాల గురించి చెప్పాలి. నీలం లేబుల్‌ది మైక్రో సెట్, వెనిగర్ వాసన కొడుతుంది. డెకాల్ పెట్టే చోట ముందే రాస్తే బాగా పట్టుకుంటుంది. ఎరుపు లేబుల్‌ది మైక్రో సాల్. దీన్ని డెకాల్ పెట్టాక పై నుంచి రాస్తారు. పొరని మెత్తబరిచి, విమానం మీద గీతలు, రివెట్లలోకి దించుతుంది. మొదటిసారి వాడేవాళ్లకి గుండె ఆగిపోతుంది. రాసిన నిమిషానికి డెకాల్ అంతా ముడతలు పడుతుంది, నీళ్లలో ఎక్కువసేపు నానిన వేళ్లలా. అయ్యో అని వేలితో సర్దబోయారా, చిరిగిపోతుంది. ముట్టుకోకూడదు. లేచి వెళ్లిపోవాలి. టీ పెట్టుకోండి, ఎవరికైనా ఫోన్ చేయండి. పావుగంట తర్వాత వచ్చి చూస్తే దానంతట అదే చదునై, రంగు వేసినట్టు అతుక్కుని ఉంటుంది. ఏమీ చేయకుండా ఊరుకోవడం అనే పని నాకు ఏ కాలేజీలోనూ నేర్పలేదు. నేనైతే ఆ పావుగంట గది బయట గడియ పెట్టుకుని నిలబడతా.

శనివారం రాత్రి ఎడమ పక్క ఏడు. సాసర్లో నీళ్లు, అందులో అంకె. తీశా, ఆగా, జార్చా. సగం జారాక అంకె తోక చుట్టుకుని ఒంటికి అతుక్కుపోయింది. ఏడు కాస్తా ఒక నల్లటి చుక్క. నోట్లోంచి వచ్చిన మాట ఇక్కడ రాయలేను.

దీనికి మందు ఒకటే. లాగకూడదు. మళ్లీ సాసర్ నీళ్లలో తేల్చాలి. నీళ్ల మీద మెత్తటి బ్రష్‌తో అంచుని పలకరించినట్టు కదుపుతూ ఉండాలి. అయిదు నిమిషాలకి ఒక మూల విడింది. ఇంకో మూడు నిమిషాలకి పువ్వు విచ్చినట్టు మొత్తం తెరుచుకుంది. కొత్తగా పూసిన పొర లేకపోతే అక్కడే ముక్కలయ్యేది. ఈ తిప్పల్లో కింది బంకంతా కడుక్కుపోయింది కాబట్టి మైక్రో సెట్ కొంచెం ఎక్కువ రాసి పెట్టా.

పెట్టాక కొద్దిసేపు డెకాల్ నీటి మీద తేలుతూ కదులుతుంది. వాల్చడానికి ఉన్న సమయం అదే. ఫొటో ఎదురుగా పెట్టుకున్నా, కానీ అందులో ఏడు లేదుగా, భుజం ఉంది. కళ్లు మూసుకుని గట్టిగా ఊపిరి పీల్చా. ఎంత వాలానో నాకేం తెలుస్తుంది? అయినా పీల్చా. బ్రష్ కొసతో ఏడు తలని వెంట్రుకవాసి వెనక్కి నెట్టా. టిష్యూ మూలతో నీళ్లు పీల్చేశా. ఆదివారం కుడి పక్కది కూడా అలాగే వాల్చి పెట్టా. ఈసారి గొడవ లేకుండా దిగింది.

ఇంక వార్నిష్. ఇది మెరుపు కోసం అనుకుంటాం కానీ అసలు కాపలా కోసం. అమ్మమ్మ దగ్గర ఒక పాత నల్ల కుట్టుమిషన్ ఉంది. దాని ఒంటి మీద బంగారు రంగు తీగలు, పువ్వులు. చిన్నప్పుడు ఎవరో చేత్తో వేశారనుకునేవాణ్ని. అవీ డెకాల్సే, పైన వార్నిష్. సూది ముందు, గుడ్డా చెయ్యీ రోజూ రాసుకునే చోట మాత్రం తీగ లేదు, ఉత్త నలుపు. అక్కడ ముందు వార్నిష్ పోయింది, తర్వాత బంగారం పోయింది. నలభై ఏళ్ల జాకెట్లు, లంగాలు అరగదీసిన చోటు అది.

మోడల్స్‌కి రెండు దఫాలు. డెకాల్స్ ఒక రోజంతా ఆరాక తడి గుడ్డతో బంక మరకలు, సీసాల మరకలు తుడిచేసి, మళ్లీ పల్చగా గ్లాస్. దీంతో డెకాల్ అంచు మెట్టు కప్పడిపోతుంది. కావాలంటే ఈ దశలో గీతల్లోకి పల్చటి నల్ల రంగు దింపి తుడుచుకోవచ్చు. అన్నీ అయ్యాక చిట్టచివర మ్యాట్. మ్యాట్ వార్నిష్‌లో సిలికా లాంటి సన్నటి పొడి ఉంటుంది. అది వెలుతురుని చెదరగొట్టి మెరుపుని చంపుతుంది. ఊరికే ఉంటే ఆ పొడి డబ్బా అడుగుకి చేరుతుంది, అందుకే రెండు నిమిషాలు ఆగకుండా ఊపమంటారు. మ్యాట్ పడగానే మాయ జరుగుతుంది. డెకాలూ రంగూ ఒకే మెరుపుకి వచ్చేసి ఏది ఏదో తెలియదు. అప్పటిదాకా బొమ్మ, అప్పటినుంచి విమానం.

జరగాల్సింది అది. నాకు జరిగింది మీకు ముందే చెప్పా.

ఎందుకు తెల్లబడిందో వేసే ముందే నాకు తెలుసు, అదే సిగ్గుచేటు. స్ప్రేలోని సాల్వెంట్ చాలా వేగంగా ఆవిరవుతుంది. ఆవిరవుతూ ఉపరితలాన్ని చల్లబరుస్తుంది. గాలిలో తేమ ఎక్కువుంటే, చల్లటి నీళ్ల గ్లాసు బయట చెమట పట్టినట్టు, ఆరుతున్న వార్నిష్‌లోకి తేమ దిగుతుంది. పొర అద్దంలా కాకుండా మంచులా గడ్డకడుతుంది. ఆ రాత్రి ఫోన్లో చూస్తే గాలిలో తేమ 91 శాతం. స్ప్రే కొట్టాక చూశా. రిలీజ్ అయ్యాక టెస్టింగ్ చేసినట్టు.

మరి ఎందుకు కొట్టానంటే, వారమంతా ఆఫీసులో పని, శని ఆదివారాలు వాన. ఇంక రోజులు లేవనే కంగారు. అమ్మకి ఫోన్ చేసి చెప్తే, "పోనీలేరా, కొనుక్కొచ్చి ఇవ్వు, ఆయనకేం తెలుస్తుంది ఈ వయసులో" అంది. అమ్మ మంచికే చెప్పింది. కానీ ఆ వంకర ఏడున్న విమానం ఏ కొట్లో దొరుకుతుంది?

ఆ రాత్రి ఇంకేం చేయలేదు. చేయకపోవడమే ఆ రాత్రి నేను చేసిన ఒకే ఒక్క తెలివైన పని. కంగారులో తుడవబోయినా, థిన్నర్ పెట్టినా కింద డెకాల్ కూడా పోయేది. డబ్బా మూసి పడుకున్నా. నిద్ర పట్టలేదనుకోండి.

రెండు రోజుల తర్వాత బుధవారం మధ్యాహ్నం ఎండ కాసింది. తేమ 50 చిల్లర. మేనేజర్‌కి "ఇంటర్నెట్ ప్రాబ్లమ్, అరగంట" అని మెసేజ్ పెట్టా. ఆయన ఈ కాలమ్ చదవరనే ధైర్యంతో రాస్తున్నా. తెల్లబడిన మ్యాట్ మీద మళ్లీ గ్లాస్ వేస్తే చాలాసార్లు బాగవుతుంది. కొత్త తడి ఆ మంచు పొరలోని సందుల్లోకి దిగి, వెలుతురు చెదిరిపోకుండా చేస్తుంది. చాలాసార్లు అన్నాను, ప్రతిసారీ అనలేదు. డబ్బాని కాసేపు గోరువెచ్చటి నీళ్లలో పెట్టా. వేడినీళ్లు, పొయ్యి జోలికి మాత్రం ఎవరూ వెళ్లకండి, అది ప్రెషర్ డబ్బా, పేలుతుంది. మాస్క్ పెట్టుకున్నా. ముందు విమానం కడుపు కింద ఒక మూల కొట్టి చూశా.

ఆకుపచ్చ తిరిగొచ్చింది. ముందు రెక్క కింద, తర్వాత తోక, తర్వాత ముక్కు. పొద్దున్నే కాలవ గట్టు మీద పొగమంచు విడిపోతుంటే అవతల కొబ్బరిచెట్లు ఒక్కొక్కటీ బయటపడతాయి చూడండి, అలా. చివరికి నంబరు. సి, ఒక అంకె, ఇంకో అంకె, వెనక్కి వాలిన ఏడు. బాల్కనీలో ఒక్కణ్నే ఉన్నా, అయినా గట్టిగా అరిచా. పక్క ఫ్లాట్ ఆంటీ తొంగి చూశారు.

మర్నాడు కూడా ఎండే. జానెడు దూరం నుంచి, చెయ్యి ఆపకుండా, స్ప్రే విమానం బయట మొదలుపెట్టి బయటే ముగిస్తూ మూడు పల్చటి మ్యాట్ కోట్లు. ఒక్కో కోటుకి మధ్య ఇరవై నిమిషాలు. ఈసారి మెరుపు పోయింది, రంగు పోలేదు.

స్వీటు డబ్బాలో స్పాంజి కోసి, విమానం ఆకారంలో గుంట చేసి సర్దా. రైల్లో రాత్రంతా ఒళ్లోనే. పై బెర్తు పెద్దాయన రెండుసార్లు "ఏం స్వీటు బాబూ" అని అడిగారు.

26 పొద్దున తాతయ్య ఎనిమిదింటికే ఇస్త్రీ చొక్కా వేసుకుని టీవీ ముందు కూర్చున్నారు. డబ్బా ఇస్తే పక్కన పెట్టి, "ముందు ఇది కానీ" అన్నారు. చండీగఢ్ ఆకాశంలో ఆఖరి మిగ్‌లు ఎగురుతున్నాయి. అమ్మమ్మ కాఫీ తెస్తే తీసుకోలేదు. యాంకర్ నోటి నుంచి ఆ శవపేటిక మాట రాగానే రిమోట్ తీసి సౌండు తీసేశారు. అంతే, ఇంకేం అనలేదు. విమానాలు దిగేదాకా గదిలో ఫ్యాను చప్పుడే.

తర్వాత డబ్బా తెరిచారు. రెండేళ్ల కిందట శుక్లాల ఆపరేషన్ అయింది, పేపరు చదివే భూతద్దం ఎప్పుడూ పక్కనే ఉంటుంది. విమానాన్ని పట్టుకున్న తీరు చూసి నేను ఆశ్చర్యపోయా. నేను ఇచ్చినప్పుడు అందరూ రెక్కలు పట్టుకుంటారు. ఆయన కడుపు కింద చెయ్యి పెట్టి, చక్రాల గుంటలు మొదట చూశారు. తోక చూశారు. ఎడమ పక్కకి తిప్పి, భూతద్దం ముక్కు దగ్గర పెట్టారు. చాలాసేపు పెట్టారు.

"ఇదే" అన్నారు. "ఇంతే వాలింది."

అమ్మమ్మని పిలిచి చూపించారు. ఆవిడకి అంకె కనపడలేదు, అయినా కనపడిందన్నారు.

తర్వాత విమానం కుడి పక్కకి తిప్పారు. భూతద్దం ముందుకీ వెనక్కీ జరిపారు. నుదురు ముడిపడింది.

"ఇటువైపు కూడా వాల్చావేంట్రా?"

"మీరేగా వాల్చమన్నారు?"

"ఇది నేను రాయలేదు. ఇది మా బిలాస్‌పూర్ కుర్రాడు రాశాడు. వాడి చెయ్యి స్కేలు పెట్టినట్టుండేది."

ఏం చెప్పాలో తెలియలేదు. "వార్నిష్ వేసేశాను తాతయ్యా. ఇంక కదలదు" అన్నా.

ఆయన ఇంకోసారి భూతద్దంలోంచి చూశారు. ఎడమ పక్క గోడకి తగిలేలా, కుడి పక్క అందరికీ కనపడేలా విమానాన్ని టీవీ మీద పెట్టారు.

"పోనీలే. వాడు చూస్తే నవ్వేవాడు" అన్నారు.